మాప్ కొనే ముందు ఆవిణ్ణి అడిగారా?

ప్రశ్న: మాది నరసరావుపేట. కింద పోర్షన్‌లో పాత నాపరాళ్లు, పైన ఈమధ్య వేయించిన తెల్లటి విట్రిఫైడ్ టైల్స్. మొదట నూలు మాప్ కొన్నాం, తర్వాత స్పాంజిది, ఇప్పుడు బకెట్‌తో వచ్చే స్పిన్ మాప్. ఏది కొన్నా నెల తిరిగేసరికి ముక్కిన వాసన. తుడిచి ఆరాక టైల్స్ మీద తెల్లటి చారలు. నడుస్తుంటే కాలికి జిడ్డుగా తగులుతోంది. పనిచేసే ఆవిడ మాప్ ముట్టుకోదు, తడిగుడ్డే నయం అంటుంది. ఆవిడ రాని రోజు మా అత్తగారు తుడుస్తానంటారు, ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. నీళ్లలో ఫినాయిల్, కళ్లుప్పు, నిమ్మకాయ, ఎవరు ఏది చెబితే అది వేసి చూశాం. ఈసారి ఖరీదు ఎక్కువైనా ఫర్వాలేదు, మంచి మాప్ ఏదో చెప్పండి.
– ఓ పాఠకురాలు

సమాధానం: ముందు ఆ డబ్బులు కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో మూడు ఫిర్యాదులున్నాయి: వాసన, చారలు, పనిచేసే ఆవిడ మాప్ ముట్టుకోకపోవడం. మొదటి రెండూ మాప్ మారిస్తే పోయేవి కావు. ఇంకోటి కొన్నా, అది ఎంత ఖరీదైనదైనా, నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ. మూడోది మాత్రం సరిగ్గా మాప్ ఎంపికకు సంబంధించిందే. దాన్ని మీరేమో ఆవిడ మొండితనం అన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మన ఇళ్లలో మాప్ కొనేది ఒకరు, తుడిచేది ఇంకొకరు. అందుకే ముచ్చటపడి కొన్న మాప్‌లు సగం బాల్కనీ మూలకు చేరతాయి. తడిగుడ్డే నయం అని ఆవిడ అంటోందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఎప్పుడైనా అడిగారా? గుడ్డయితే చేత్తో నొక్కి తుడవచ్చు, మూలల్లోకి వేళ్లు పోతాయి, మరక కనిపిస్తే అక్కడే ఆగి నాలుగుసార్లు రుద్దొచ్చు. జాడించి పిండటం ఆవిడకు క్షణం పని. అదే స్పిన్ మాప్ అయితే ప్రతిసారీ బకెట్ దగ్గరికి రావాలి, ముంచాలి, హెడ్‌ని బుట్టలో కుదురుగా కూర్చోబెట్టాలి, కర్రకున్న లాక్ తిప్పాలి, నొక్కాలి, మళ్లీ లాక్ వెయ్యాలి. పది దాటేలోపు నాలుగిళ్ల పని ముగించుకోవాల్సిన మనిషికి ఇదంతా టైం తినే వ్యవహారం. పైగా మీది రెండంతస్తుల ఇల్లు. ఆ బకెట్‌ను మెట్లెక్కించేది ఎవరు? లీటరు నీళ్లంటే కిలో బరువు. ఐదారు లీటర్లు పోస్తే బకెట్‌తో కలిపి ఏడెనిమిది కిలోలు. బకెట్‌కి చక్రాలున్నాయని షాపువాడు గొప్పగా చెప్పే ఉంటాడు, ఆ చక్రాలు మెట్ల మీద ఎందుకూ పనికిరావు.

కాబట్టి ఈసారి షాపుకి ఆవిణ్ణి తీసుకెళ్లండి. నవ్వులాటకి అనటం లేదు. చీర కొనేటప్పుడు పది మందిని వెంటబెట్టుకుని వెళ్తాం, రోజూ గంటసేపు చేతిలో ఉండే వస్తువుకి మాత్రం దాన్ని పట్టుకునే మనిషిని తీసుకెళ్లం. ఆవిడ చేతికి ఇచ్చి అక్కడే నాలుగడుగులు తుడిపించి చూడండి. కర్రను నేల మీద నిలబెడితే పైకొస ఆవిడ భుజానికీ గడ్డానికీ మధ్యకు రావాలి. అంతకంటే పొట్టిదైతే నడుం వంచి తుడవాలి, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. పొట్టిది కావటం వల్లే ‘దీనికంటే కూర్చుని తుడుచుకోవడమే మేలు’ అనిపిస్తుంది. జరిపి పొడవు పెంచుకునే కర్రలు వస్తున్నాయి, వాటిలో లాక్ గట్టిగా ఉన్నది చూసుకోవాలి. మీ అత్తగారు కూడా వాడతారు కాబట్టి ఆవిడ పొడుగుకీ సరిపోవాలి.

ఇంత చెప్పాక, తడిగుడ్డ వైపు పూర్తిగా మొగ్గకండి. గొంతుక్కూర్చుని గది గదికీ జరుగుతూ తుడవడం మోకాళ్లకు మంచిది కాదు. మీ అత్తగారికి ఇవాళున్న నొప్పి పనిచేసే ఆవిడకు రేపు రాదని ఏముంది? స్పెయిన్‌లో 1956లో మాన్యుయెల్ హలోన్ అనే వైమానిక ఇంజనీరు బకెట్‌తో కలిపి మాప్‌ను తయారుచేసింది కూడా ఇలాంటి అవస్థ తప్పించడానికే. అక్కడి ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి నేల తుడిచేవారు. అమెరికాలో విమానాల షెడ్లను మనుషులు నిలబడి తుడవడం ఆయన చూశాడు, ఇళ్లలో అలా ఎందుకు తుడవకూడదనుకున్నాడు. ఆ మాప్ పుట్టిందే మోకాళ్ల కోసం. పనిచేసే ఆవిడ చెప్పేది విని, ఆవిడ చెప్పిన ఇబ్బందులు లేనిది వెతకడమే మన పని.

ఇక మీ నేల సంగతి. కింద ఒక రకం, పైన ఒక రకం కాబట్టి ఒకే మాప్‌తో రెండుచోట్లా పని జరగాలనుకోవడమే చిక్కు.

పైనున్న విట్రిఫైడ్ టైల్స్ నున్నగా, సమంగా ఉంటాయి. వాటికి నా ఓటు ఫ్లాట్ మాప్‌కే. పలకలాంటి హెడ్‌కి మైక్రోఫైబర్ గుడ్డ తొడిగి ఉంటుంది. మంచం కిందకీ సోఫా కిందకీ పడుకోబెట్టి దూర్చొచ్చు, గోడ వారగా అంచు ఆనించి లాగొచ్చు. గుడ్డ ఊడదీసి చేత్తోనే జాడించి పిండొచ్చు, కాబట్టి పనిచేసే ఆవిడకు అలవాటైన తడిగుడ్డకి ఇదే దగ్గర. పెద్ద బకెట్ అక్కర్లేదు, చిన్న బకెట్ చాలు. కొంటే గుడ్డలు మూడు నాలుగు కలిపి కొనండి. ఒక్కో గదికి ఒక్కో గుడ్డ మార్చుకుంటూ పోతే మురికి నీళ్లలో మళ్లీ ముంచే పనే ఉండదు. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, నైలాన్ జాతి పోగుల్ని పట్టు పోగు కన్నా సన్నగా చీల్చి నేసింది. ఆ సందుల్లోకి సన్నటి దుమ్ము దూరి అక్కడే చిక్కుకుంటుంది. నూలు గుడ్డ కొంత మురికిని పీల్చి, కొంత అటూ ఇటూ పూస్తుంది. తేడా తెల్లటి టైల్స్ మీద కంటికి కనిపిస్తుంది.

కిందున్న నాపరాళ్లకు ఇది అంత కుదరదు. పాత బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మధ్య సిమెంటు సందులుంటాయి, అంచులు చెక్కుకుపోయి ఉంటే మైక్రోఫైబర్ ఉచ్చులు పట్టుకుని లాగుతాయి. అక్కడ పోగుల మాపే నయం. అది నూలుదైనా సరే, మీ దగ్గరున్న స్పిన్ మాప్ అయినా సరే, పోగులు పల్లాల్లోకి జారి తుడుస్తాయి. అంటే కింది పోర్షన్‌కి మీరు కొత్త మాప్ కొననక్కర్లేదు. స్పిన్ బకెట్ కిందే ఉంచేయండి, మెట్లెక్కించే గొడవ కూడా వదిలిపోతుంది.

స్పాంజ్ మాప్ మాత్రం తీసి పారేయండి. ఆ స్పాంజి తడిగా ఉంటే మెత్తగా ఉంటుంది, ఆరితే కొయ్యముక్కలా బిగుసుకుపోతుంది. వాడే ముందు పది నిమిషాలు నాననివ్వాలి. ఆ ఓపిక లేక ఆరినదాన్నే మడత లాగితే పుటుక్కున చీలుతుంది. పల్నాడు ఎండల్లో అదెంత త్వరగా ఆరుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆవిరి మాప్‌లు, ఇల్లంతా తిరిగే రోబోలు అడగలేదు కాబట్టి వాటి జోలికి పోను. ఎత్తు గడపలున్న ఇంట్లో రోబో ఒక్క గదిలోనే తిరుగుతూ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

స్పిన్ మాప్ ఇంకొకటి ఎప్పుడైనా కొనాల్సి వస్తే, బకెట్ రంగూ పెట్టె మీది బొమ్మా చూడకండి. రిఫిల్, అంటే మార్చుకునే పోగుల హెడ్, మీ ఊళ్లోనే విడిగా దొరుకుతుందా అని ముందు అడగండి. హెడ్ లోపలుండే గుండ్రటి ప్లాస్టిక్ చక్రం ఎక్కువ కంపెనీలకు 16 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది గానీ, బిగించే గాడి అన్నిటికీ ఒకేలా ఉండదు. పాతది చేత్తో పట్టుకెళ్లి పోల్చుకుని కొనడం ఒక్కటే మార్గం. తర్వాత పిండే బుట్ట స్టీలుదా ప్లాస్టిక్‌దా చూడండి. ప్లాస్టిక్ బుట్టలో మధ్యనుండే పుల్ల అరిగిపోయాక కర్ర ఊగడం మొదలవుతుంది. బకెట్ అడుగున నీళ్లు వదిలే బిరడా ఉండాలి. బాత్‌రూమ్ తూము దగ్గరికి లాక్కెళ్లి బిరడా తీస్తే చాలు, బకెట్ ఎత్తి వంచే పని మీ అత్తగారికి తప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లున్న ఇంటికి నా దృష్టిలో చక్రాల కన్నా బిరడా ముఖ్యం.

తిప్పేటప్పుడు బకెట్ దడదడా ఊగుతోందంటే పోగులు కొన్ని బుట్ట బయట వేలాడుతున్నాయని. అన్నీ లోపలికి తోసి, కర్ర నిటారుగా పట్టుకుని నొక్కాలి. వంకరగా నొక్కితే కర్ర లోపలున్న మెలికల చువ్వ అరిగి, కొన్నాళ్లకు నొక్కినా తిరగదు. అప్పుడు మాప్ పాడైందంటాం.

సరే, వాసన.

మాప్ వాసన మురికి వల్ల వస్తుందనుకుంటాం. మురికి ఒక్కటే అయితే ఇంత కంపు కొట్టదు. మురికితో పాటు తడి గంటల తరబడి నిలిస్తే అందులో బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. ఆ ముక్కిన వాసన వాటిదే. మీ ఇంట్లో తుడవడం అయ్యాక మాప్ ఎక్కడ పెడతారో మీరు రాయలేదు. బకెట్‌లోనే నిలబెట్టి, ఆ బకెట్‌ను బాత్‌రూమ్ తలుపు వెనక్కో మెట్ల కిందకో తోసేస్తారని నా అనుమానం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. బుట్టలో కుక్కిన పోగులు పైకి ఆరినట్టే ఉంటాయి. రేపు ఉదయం వేళ్లతో విడదీసి చూడండి. చక్రాన్ని అంటుకుని ఉన్న మొదళ్లు ఇంకా చల్లగా, జిగటగా తగిలితే వాసన పుడుతున్నది అక్కడే.

తుడవడం అవ్వగానే మురికి నీళ్లు పారబోసి, శుభ్రమైన నీళ్లలో హెడ్‌ని జాడించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి, ఒక్కసారి ముంచి తీస్తే జాడించినట్టు కాదు. గట్టిగా పిండి, హెడ్ ఊడదీసి, పోగులు విదిలించి దండెం మీద వెయ్యండి. ఊడదీయటం కష్టమంటే కర్ర తలకిందులు చేసి, హెడ్ పైకి ఉండేలా గాలి తగిలే చోట గోడకి ఆనించండి. స్పిన్ మాప్ హెడ్ ఊడటానికి ఒక చిట్కా ఉంది: పోగుల్ని కాలితో తొక్కిపట్టి కర్రను పక్కకు వంచితే టక్కున వచ్చేస్తుంది. బిగించేటప్పుడు చక్రాన్ని నేల మీద పెట్టి, కర్రను నిటారుగా దాని మీద నొక్కితే టక్‌మని కూర్చుంటుంది. బకెట్‌ను కూడా బోర్లించండి, అడుగున మిగిలే ఆ గుక్కెడు నీళ్లే దోమలకు చాలు.

వానాకాలంలో ఎంత విదిలించినా ఒక్క రోజులో ఆరదు. అందుకే ఒక్కో మాప్‌కి రెండేసి హెడ్‌లు పెట్టుకోమంటాను. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. కొత్త మాప్‌కి పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఈ అదనపు హెడ్‌లకు పెట్టండి, వాసన సమస్య చాలావరకు తీరిపోతుంది.

వారానికోసారి సబ్బుతో ఉతకాలి. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో కొంచెం డిటర్జెంట్ వేసి అరగంట నానబెట్టి, పిసికి, నురగ పోయేదాకా జాడించండి. మైక్రోఫైబర్‌ను సలసల మరిగే నీళ్లలో వేయకండి, పోగులు ముడుచుకుపోతాయి. బట్టలకు వాడే కండిషనర్ కూడా వద్దు. అది పోగుల చుట్టూ పూతలా పట్టుకుంటుంది, ఆ తర్వాత అవి నీళ్లు పీల్చవు. తువ్వాళ్లతో కలిపి మెషిన్‌లో వేస్తే తువ్వాలు నూగంతా మైక్రోఫైబర్‌కి అంటుకుంటుంది, దాన్ని ఏరుకోవడంతోనే సరిపోతుంది. బ్లీచింగ్ నూలు హెడ్‌కైతే ఎప్పుడో ఒకసారి ఫర్వాలేదు, మైక్రోఫైబర్‌ని మాత్రం తినేస్తుంది. శుక్రవారం గడపకు రాసిన పసుపు మాప్‌కి అంటుకుని, సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారుపడకండి. సబ్బులోని క్షారానికి పసుపు అలాగే ఎరుపెక్కుతుంది. బాగా జాడించి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

రోజూ వాడే హెడ్ మూడు నాలుగు నెలలు పనిచేస్తే చాలు. పోగులు జడలు కట్టి, ముంచినా నీళ్లు పీల్చకుండా పైపైన జారిపోతున్నాయంటే దాని పని అయిపోయినట్టే. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోకపోతే ఇక ఉంచుకోవద్దు.

ఇప్పుడు చారలు, జిడ్డు. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది ఇదే. ఎందుకంటే మీరు శుభ్రం కోసం వేసినవే నేల మీద ఉండిపోతున్నాయి.

కాలికి జిడ్డుగా తగిలేది దుమ్ము కాదు, కడగకుండా మిగిలిపోయిన ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్, సబ్బు. పాత్రల్ని సబ్బుతో తోమి నీళ్లతో కడుగుతాం. నేలకి మాత్రం సబ్బు నీళ్లు రాసి అలాగే ఆరబెడతాం. లేబుల్ మీద బకెట్‌కి ఒక మూత అని రాస్తే, ‘ఒక్క మూతతో ఏం సరిపోతుందిలే’ అని ఓ ధార పోస్తాం. అది రోజుకో పొర పేరుకుంటుంది. ఆ జిగట మీద దుమ్ము ఇంకా త్వరగా అంటుకుంటుంది, నేల మళ్లీ మురికైందని ఇంకొంచెం ఎక్కువ పోస్తాం. ఫ్లోర్ క్లీనర్ కంపెనీవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

నమ్మకపోతే ఒక పరీక్ష చేయండి. బాగా ఉతికి జాడించిన మాప్ తీసుకోండి. బకెట్‌లో ఏమీ కలపని నీళ్లు పోయండి. ఒక గది తుడిచి, మాప్‌ను ఆ నీళ్లలో జాడించి చూడండి. నీళ్ల మీద నురగ తేలితే, అది నేల మీంచి వచ్చిన పాత సబ్బే. నురగ రావడం ఆగేదాకా, వారమైనా రెండు వారాలైనా, ఉత్త నీళ్లతోనే తుడవండి. ఆ తర్వాత మామూలు రోజుల్లో ఉత్త నీళ్లే చాలు. వారానికి ఒకటి రెండుసార్లు క్లీనర్ వాడినా లేబుల్ మీద రాసినంతే వేయండి, ఆ వెంటనే ఉత్త నీళ్ల మాప్ ఒకటి వేయండి. ఫినాయిల్ వాసన రాకపోతే ఇల్లు శుభ్రమైనట్టు అనిపించదని మీ అత్తగారు అనొచ్చు. ఆ తృప్తి కోసం బాత్‌రూమ్‌లో వాడుకోమనండి.

తెల్లటి చారలు మాత్రం సబ్బు ఒక్కదాని పనే కాదు, మీ నీళ్ల పని కూడా. పల్నాడులో చాలాచోట్ల నేల కింద సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది అందుకే. ఆ రాళ్ల మధ్య నుంచి ఊరే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు తెల్లగా నేల మీద మిగులుతాయి. బకెట్ లోపల నీటి మట్టం దగ్గర తెల్లటి గీత పడి ఉంటుంది చూడండి, నేల మీదున్నదీ అదే. పైగా ఈ లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా కడతాయి కాబట్టి సబ్బు వేసేకొద్దీ చారలు పెరుగుతాయి.

దీనికి మందు నేల మీద తక్కువ నీళ్లు మిగల్చడమే. మాప్‌ను ఇంకా గట్టిగా పిండండి. తుడిచిన చోటు ఫ్యాన్ వేస్తే రెండు మూడు నిమిషాల్లో ఆరిపోవాలి. నీళ్లు మెరుస్తూ నిలిచాయంటే తడి ఎక్కువైనట్టే, పైగా అదే తడి మీద మీ అత్తగారు జారిపడే ప్రమాదం ఉంది. చారల కన్నా నాకు దాని గురించే ఎక్కువ భయం. ఆవిడ తుడిచే రోజు గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ గుమ్మం వైపు రమ్మనండి, తడి మీద అడుగుపెట్టే పని ఉండదు. తెల్ల టైల్స్ మీద ఇంకా మెరుపు కావాలంటే చివర్లో ఒక పొడి గుడ్డ లాగండి. ఫ్లాట్ మాప్‌కి ఆరిన గుడ్డ తొడిగితే అదీ నిలబడే చేసుకోవచ్చు.

ఫిల్టర్ మెషిన్ వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని చాలామంది వాటితో నేల తుడుస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ మామూలు బోరు నీళ్లకన్నా వాటిలో లవణాలు ఎక్కువ, ఎందుకంటే తాగే నీళ్ల నుంచి తీసేసినవన్నీ వాటిలోనే చేరతాయి. బాత్‌రూమ్‌లో పోయటానికి వాడండి, తెల్ల టైల్స్ మీద వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు దీనికి పూర్తిగా వేరు. గాలిలో తేమ చల్లబడి కారిన నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో పైపు కింద ఒక బకెట్ పెట్టండి, చివరి మాప్‌కి అంతకన్నా మంచి నీళ్లు దొరకవు.

కళ్లుప్పు సంగతికొస్తే, మురికి వదిలించడంలో దాని సాయమేమీ లేదు. శుక్రవారం నమ్మకం కొద్దీ మీ అత్తగారు చిటికెడు వేస్తే వేయనివ్వండి. గుప్పిళ్లతో వేస్తే మాత్రం అసలే లవణాలున్న నీళ్లలో ఇంకో లవణం కలిపినట్టు, ఆరాక అదే తెల్లగా తేలుతుంది. నాపరాయి ఆ ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది కూడా, కాలక్రమంలో పైపొర పెచ్చులూడుతుంది.

నిమ్మకాయ, వెనిగర్ మీ కింది పోర్షన్‌లో అసలు వాడకండి. నాపరాయి సున్నపురాయి జాతే. పులుపు తగిలితే అది కరుగుతుంది. రోజూ కొంచెం కొంచెంగా కరిగి మెరుపు పోతుంది, రాయి గరుకెక్కుతుంది, గరుకులో మురికి ఇంకా ఎక్కువ పడుతుంది. మార్బుల్‌కీ ఇదే గతి. విట్రిఫైడ్ టైల్స్‌కి పులుపుతో అంత ఇబ్బంది లేదు, తెల్ల చారలు మొండికేస్తే పైన మాత్రం ఎప్పుడైనా బకెట్‌కి కాస్త వెనిగర్ కలిపి తుడిచి, వెంటనే ఉత్త నీళ్లతో ఇంకోసారి తుడవొచ్చు. ఆ మాప్ మాత్రం కిందికి రాకూడదు.

ఎవరు ఏది చెబితే అది వేసి చూశామని రాశారు కదా, ఆ మాట చదివి కాస్త టెన్షన్ పడ్డాను. టాయిలెట్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్ పౌడర్‌గానీ బ్లీచ్ ద్రవంగానీ దానితో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. ఒకదానితో మరకపోలేదని దాని మీదే ఇంకోటి పోయకండి, మొదటిదాన్ని పూర్తిగా కడిగేసి మరోరోజు చూసుకోండి. ఈ సంగతి పనిచేసే ఆవిడకు తప్పకుండా చెప్పండి. సీసాల మీద అక్షరాలు చదువుకునే తీరిక ఆవిడకు ఉండదు. ఏ సీసా దేనికో మీరే చూపించి, చేతులకు రబ్బరు గ్లవ్స్ కూడా ఇవ్వండి.

మీరు అడగకపోయినా ఇంకో రెండు మాటలు. బాత్‌రూమ్‌లో తుడిచిన మాప్‌తో వంటగది తుడవకూడదు. ఆస్పత్రుల్లో ఒక్కో చోటికి ఒక్కో రంగు మాప్ పెడతారు, మీరు కర్రకు ఎర్ర దారం కట్టినా చాలు. రెండోది, ముందు చీపురుతో బాగా ఊడ్చాకే తడి పెట్టాలి. జుట్టు, ఇసుక మిగిలితే జుట్టు పోగులకు చుట్టుకుంటుంది, ఇసుక టైల్స్ మీద గీతలు పెడుతుంది. నీళ్లు ఎప్పుడు మార్చాలో లెక్కలేమీ అక్కర్లేదు, బకెట్ అడుగు కనిపించకపోతే మార్చేయడమే.

అయితే ఇప్పుడు మీరు కొనాల్సింది: పై పోర్షన్‌కి ఒక ఫ్లాట్ మాప్, దానికి నాలుగు గుడ్డలు. స్పిన్ మాప్‌కి రెండు రిఫిల్‌లు. చేతిలో ఉన్న నూలు మాప్ ఇంకా బాగుంటే ఒకసారి ఉతికి, ఎర్ర దారం కట్టి బాత్‌రూమ్‌కి ఇచ్చేయండి. షాపుకి పనిచేసే ఆవిడకు తీరిక ఉన్న రోజే వెళ్లండి. ఆవిడ అన్నీ చూసి కూడా తడిగుడ్డే కావాలంటే, వంటగట్టు కింద, తలుపు మూలల్లో ఆవిడ గుడ్డతోనే తుడుచుకోనివ్వండి, గదుల మధ్య విశాలమైన చోట మాత్రం మాప్ వాడమనండి. స్పిన్ మాప్ రిఫిల్‌కి వెళ్లేటప్పుడు పాత చక్రం సంచిలో వేసుకెళ్లడం మర్చిపోకండి.